కుంకుమ బొట్టు పెట్టిన ఫ్లాపీ

మా పెద్ద కూతురు పోయింది. చింతపండు కొట్టే రోజుల్లో, కామెర్లు ముదిరి, ధర్మపురి ఆస్పత్రిలో పోయింది. వాళ్ళ నాయన పక్కన ఉన్నాడు. నేను మార్చు బట్టలు తీసుకుపోదామని ఇంటికి వచ్చి, చీర మడత పెడుతున్నాను. మా మరిది వాకిట్లో సైకిల్ దిగాడు. దిగినవాడు స్టాండు వెయ్యలేదు, ఊరికే చేతులు వదిలేశాడు. సైకిల్ పక్కకు పడిపోయింది. దాన్ని లేపాలని కూడా అతనికి తోచలేదు. అతను నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది.

ఈ తమిళనాడులో ఉండే మన భాషవాళ్ళు వేసే ఈ పుస్తకంలో మీ బిడ్డ గురించి నాలుగు మాటలు రాయమ్మా అని అడిగారు. నాకు బడి తక్కువ. తెలుగు అక్షరాలు మా నాయన ఇసుకలో దిద్దించినవి. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి. ఏడుపు రాయడానికి మాత్రం కూర్చోలేదు. బతికినన్నాళ్ళూ మా ఇంట్లో నవ్వంతా ఆ పిల్లదే. దాన్ని తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది, తర్వాతే కళ్ళు తడుస్తాయి.

మాది ధర్మపురి జిల్లాలో పిక్కిలికి ఇవతల ఊరు. గొర్రెలు, కొంచెం రాగిచేను. మా బిడ్డ నడక నేర్చుకున్నది గొర్రెల మధ్యనే. సాయంత్రం మంద ఇంటికి వచ్చే వేళకు అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చునేది. మెడగంట వినిపిస్తే చాలు, ఏ గొర్రె వస్తోందో చెప్పేది. దీని పని పట్టాలని వాళ్ళ నాయన ఒక రోజు రెండు గొర్రెలకు గంటలు మార్చి కట్టాడు. ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే, "నాయనా, మోగేది నల్లదాని గంట. నడిచేది మాత్రం కుంటిది. ఎవురిని మోసం చేస్తాండావు?" అనింది. మా ఇంటాయన ఆ మాట ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

ఇంట్లో ఒక పాత రేడియో ఉండేది. రేడియో లోపల మనుషులుంటారా అని అందరి పిల్లల్లాగా అది అడగలేదు. "అమ్మా, అంత దూరం నుంచి వచ్చినా వాళ్ళ గొంతు ఎందుకు అలిసిపోలేదే?" అని అడిగింది. నాకేం తెలుసు? నేను అలిసిపోయినాను, పోయి నీళ్ళు తెచ్చిపెట్టు అన్నాను. నీళ్ళు తెచ్చిపెట్టి, రేడియో వీపు విప్పింది. "చెడిపోతే విప్పాలి, చెడిపోకపోయినా విప్పాలి" అని దాని మాట. పెద్దయ్యాక కూడా అదే అంటుండేది. మా ఇంట్లో అది విప్పని వస్తువంటూ లేదు. మళ్ళీ బిగించేటప్పుడు ఎప్పుడూ ఒక స్క్రూ మిగిలేది. దాన్ని ఒక సీసాలో వేసి, "ఇది లేకపోయినా పాడతాండాది గదా, అంటే ఇది అక్కరలేనిదే" అనేది.

అలా విప్పి విప్పి ధర్మపురిలో పాలిటెక్నిక్ చదివింది. చదువైన తర్వాత అక్కడే ల్యాబులో పిల్లలకు పని నేర్పే ఉద్యోగం ఇచ్చారు. గొర్రెలు కాసే ఇంట్లో కరెంటు పిల్ల పుట్టిందని మా ఇంటాయనకు మీసం నిలవలేదు. పొద్దున బస్సుకు పోయేటప్పుడు జడలో కనకాంబరాలు, ఆ పూల పక్కనే ఒక టెస్టరు గుచ్చుకునేది. కండక్టరు నవ్వేవాడట. "ఏం చెల్లీ, పూలు చాలవా?" అని అడిగితే, "పూలతో స్క్రూ తిరగదు గదన్నా" అనిందట. సాయంత్రం వచ్చి పక్కన కూర్చుంటే ఆ పూల వాసనా, తీగలు అతికించే కరిగిన సీసం వాసనా కలిసి వచ్చేవి. ఇప్పుడు ఎక్కడ రేడియో బాగుచేసే అంగడి ముందు నుంచి పోయినా నా కాళ్ళు ఆగుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ పాలిటెక్నిక్‌కు కంప్యూటర్ వచ్చింది. దానికి మాట రాదు, రాత మాత్రమే వచ్చు. మా బిడ్డ దానికి చెవి, నోరు పెట్టాలని పట్టుబట్టింది. అరచేతి అంత పలక మీద చిన్న చిన్న సామాన్లు అతికించి, తీగలు లాగి, కంప్యూటర్‌కు తగిలించింది. పలక మూలన నువ్వుగింజంత స్క్రూ ఒకటి ఉంటుంది. గొంతును ఎంత వేగంగా పట్టాలో, ఎంత వేగంగా తిరిగి పలికించాలో ఆ స్క్రూ చెబుతుంది. కాలేజీలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు నన్నూ మా అత్తనూ రమ్మంది. మా అత్తను మా పిల్లలు అవ్వ అంటారు. అవ్వ పెళ్ళికి పోయినట్టు పట్టుచీర కట్టుకుని బయలుదేరింది.

ల్యాబులో మైకు నా నోటి ముందు పెట్టింది.

"ఏమి చెప్పాలే?"

"నీకు ఏది తోస్తే అది."

"సామి పాట పాడనా?"

"వద్దులేమ్మా, సామి లేచి పోతాడు."

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. నేను మైకు నుంచి మొహం తిప్పుకున్నాను. అప్పుడు అది చెవి దగ్గరకు వచ్చి, "పొద్దు కుంకతాండాది. మంద ఇంకా గుట్ట మీదనే ఉండాది. పిలువమ్మా" అనింది. నాకేమైందో, కళ్ళు మూసుకుని గొంతెత్తి పిలిచేశాను. "ఊ...య్, దా దా దా దా... బా...!"

నడవలో మనుషులంతా ఆగిపోయారు. ఏమైందో అని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. నేను సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా బిడ్డ మైకు పట్టుకునే ఏదో అని పగలబడి నవ్వింది. ఆ నవ్వుల గోలలో ఏమనిందో నాకు వినబడలేదు. తర్వాత మీటలు ఏవో నొక్కింది. పెట్టెలోంచి నా పిలుపు నాకే తిరిగి వచ్చింది. అచ్చం నేనే. అంతవరకే వినిపించి ఆపేసింది.

అవ్వ కుర్చీలోంచి లేచింది. "ఇదేందే, నా కోడలు పెట్టెలో దూరింది!"

"చూడవ్వా ఇంకా" అని మా బిడ్డ జడలోంచి టెస్టరు తీసి ఆ స్క్రూ ఇటు తిప్పింది. నా గొంతు ఎలుకపిల్ల గొంతయింది. అటు తిప్పింది. దున్నపోతు బావిలోంచి పిలిచినట్టయింది.

"ఆ ఎలుక గొంతే ఉండనియ్యే" అనింది అవ్వ. "ఇంట్లో అట్ల సన్నగా మాట్లాడితే నా చెవులు బతుకుతాయి."

అప్పుడు నా గొంతును ఒక ఫ్లాపీలో పెట్టింది. ఫ్లాపీ అంటే నల్లగా, పలచగా, చదరంగా ఉండే అట్టలాంటిది. అంత అట్టకూ పట్టింది నా పిలుపు, ఆ తర్వాతి గోల, అంతే. వాళ్ళ ల్యాబు సారు చాలా మంచి మనిషి. అరవం తప్ప మాట్లాడడు, ఆయన మాటలు నేను మన మాటల్లో రాస్తున్నాను. "ఎందుకమ్మా ఒక్క గొంతుకు ఇంత చోటు? కొంచెం కుదిస్తే ఇంకో నాలుగు గొంతులు పడతాయి గదా" అన్నాడు. మా బిడ్డ ఒప్పుకోలేదు. "సార్, పాలు కాచి కోవా చేస్తే చిన్న గిన్నెలో పడతాది. మళ్ళీ నీళ్ళు పోస్తే అది పాలవుతుందా? మా అమ్మ గొంతు పాలు పాలుగానే ఉండనీండి" అనింది. సారు తల ఊపి, ఇంకో ఫ్లాపీ డబ్బా తెప్పించాడు.

బస్సులో వస్తూ నేను అడిగాను, గొంతును అట్టలో ఎట్లా పెట్టావే అని. దాని ఒళ్ళోకి నా చేయి లాక్కుని అరచేతిలో వేలితో చుక్కలు పెట్టింది. "నువ్వు ముగ్గుకు చుక్కలు పెడతావే, అట్లనే. గొంతు పైకి పోతే పైన చుక్క, కిందికి దిగితే కింద చుక్క. దగ్గర దగ్గరగా పెట్టుకుంటా పోతాను. తిరిగి పలికేటప్పుడు కంప్యూటర్ ఆ చుక్కల మీదుగా గీత లాగుతుంది. ఒక్క చుక్క కూడా తియ్యలేదు నేను."

"అది గొంతని దానికెట్ల తెలుసు? ఉత్తరమో, లెక్కో అనుకుంటే?"

ఈ ప్రశ్నకు దానికి ఎంత సంతోషమైందో! బస్సులోనే నా బుగ్గ గిల్లింది. "దానికి తెలీదమ్మా! అదే గదా తమాషా. మనం గొర్రెకు చెవి కోసి గుర్తు వేస్తాము గదా, ఎవరు చూసినా ఫలానా వాళ్ళదని తెలిసేదానికి. కొన్ని ఫైళ్ళకు ముందరే అట్ల గుర్తు వేస్తారు, ఇది గొంతు, ఇంత వేగంగా చదవాలి అని. నేను వెయ్యలేదు. ఇది చెవి కొయ్యని గొర్రె. పెంచినోళ్ళకే తెలుస్తుంది ఎవరిదని."

"తప్పిపోతే?"

"పిలిస్తే వస్తుంది లే" అని కిటికీ వైపు తిరిగింది.

ఇంకోసారి పోయినప్పుడు ఆ ఫైలును తప్పు దారిలో తెరిచి చూపించింది, ఉత్తరం అనుకుని చదవమని కంప్యూటర్‌కు చెప్పి. అబ్బ, తెర మీద ఏమి వచ్చాయనుకున్నారు! పిచ్చి అక్షరాలు, వాటి మధ్యలో నవ్వే మొహాలు, చిన్న చిన్న గుండెకాయలు, పేకముక్కల మీది బొమ్మలు. నడుమ నడుమ కీక్ కీక్ అని అరుపు. అవ్వ తెర దగ్గరకు పోయి, "నీ గొంతు నవ్వతాండాది చూడవే! ఇంట్లో మాత్రం ఎందుకు కసురుకుంటాది?" అనింది.

ఆయుధ పూజ వచ్చింది. మా ఇంట్లో కొడవలి, పార, గొర్రె బొచ్చు కత్తిరించే కత్తెర, అన్నీ కడిగి వరసగా పెడతాము. మా బిడ్డ టెస్టరునూ, సీసం కాచే కడ్డీనీ పెట్టి, నా గొంతున్న ఫ్లాపీని కూడా పెట్టింది. అవ్వ ఒక్కొక్కదానికీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. ఫ్లాపీకి కింది వైపు నిలువుగా చిన్న సందు ఉంటుంది, లోపలి పళ్ళెం కనిపించేది అక్కడే. అవ్వ నిండా కుంకుమ తీసుకుని సరిగ్గా ఆ సందు మీదకే వేలు తెచ్చింది. మా బిడ్డ వంటింట్లోంచి ఎగిరి దూకింది.

"అవ్వా, అది దాని కన్ను! కంట్లో కుంకుమ కొడతావా?"

"కన్నని చెప్పొద్దా? నుదురు యాడుందో చూపించు, ఆడ పెడతాను."

మా బిడ్డ పైన ఒక మూల చూపించింది. అవ్వ అక్కడ పెట్టింది. ఆ ఫ్లాపీని అలాగే బొట్టుతోనే కాలేజీకి తీసుకుపోయింది. అక్కడ డబ్బా నిండా ఒకేలా ఉండే ఫ్లాపీలు. సారు చూసి నవ్వి, మిగిలినవి ఏం పాపం చేశాయమ్మా అన్నాడట.

తర్వాత కామెర్లు వచ్చాయి. దాని గురించి ఇంతకంటే రాయను.

పోయిన తర్వాత ఇంట్లో దాని వస్తువులు చూసుకుంటూ ఉంటే మాకు ఒకటి తెలిసింది. అది ఇంట్లో రికార్డు చేసిపెట్టిన టేపుల్లో వాళ్ళ నాయన మాటలున్నాయి. అవ్వ పాడిన దంపుడు పాట ఉంది. గొర్రె ఈనినప్పటి అరుపు, వానకు మా రేకుల పంచ చేసే చప్పుడు, అన్నీ ఉన్నాయి. దాని గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఎప్పుడూ మైకు పట్టుకునేది అదే గదా, దాని ముందు ఎవరు పట్టారు? మా ఇంటాయన టేపులన్నీ తిప్పి తిప్పి వినేవాడు. ఎక్కడో దగ్గు వినిపిస్తే, ఇది బిడ్డదేనా చూడు అనేవాడు. అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. ఎగ్జిబిషన్ నాడు నా పిలుపు తర్వాత అది మైకు దగ్గరే ఏదో అనింది, నవ్వింది. అది ఆ ఫ్లాపీలో ఉంటుంది.

సారుకు కబురు పెట్టాము. డబ్బాలో వెతికితే బొట్టున్నది వెంటనే దొరికింది, రండి అన్నాడు. నేను, మా ఇంటాయన, అవ్వ బస్సెక్కి పోయాము.

సారు ముందు ఫైలు చెడిపోలేదు గదా అని చూసేదానికి ఉత్తరంలాగా తెరిచాడు. నవ్వే మొహాలు, గుండెకాయలు తెరంతా పారాయి. కీక్ కీక్ అని అరిచింది. మా ఇంటాయన అది చూడటం అదే మొదటిసారి. "బాగుండాది, బతికే ఉండాది" అన్నాడు.

కానీ పలికించేసరికి దున్నపోతు వచ్చింది. ఆ పలకను తర్వాత పిల్లలు వాడారు, స్క్రూ తిరిగిపోయింది. వేగం ఎంతని సారు అన్ని చోట్లా వెతికాడట. "ఎక్కడా రాసిపెట్టలేదమ్మా. ఆ పిల్లకు లెక్కతో పని లేదు. చెవితో వింటూ తిప్పేది, సరిపోతే ఆపేది" అన్నాడు. నా పిలుపు అవుతూనే మా ఇంటాయన చెయ్యి ఎత్తాడు.

"ఆపండి సార్. బిడ్డ మాట దాకా పోవద్దు. దాని గొంతు వంకరగా నా చెవిలో పడితే, ఇంక అదే నిలిచిపోతాది. ముందు ఈమెది సరిచెయ్యండి. ఈమెది సరిగ్గా ఉంటే బిడ్డది కూడా సరిగ్గానే ఉంటాది."

సారు స్క్రూ తిప్పుతూ, నా పిలుపు దాకా పలికించి ఆపుతూ, మళ్ళీ తిప్పుతూ పోయాడు. దున్నపోతు మనిషయింది. ఒక చోట సారు తలెత్తి, "ఇదేనా?" అన్నాడు. అందరూ ఇదే అన్నారు. నాకు మాత్రం కాదనిపించింది. అది నేనే, కానీ ఎవరింటికో చుట్టంగా పోయి మెల్లగా పిలుస్తున్నట్టుంది. ఎట్లా చెప్పాలి? సారు కొంచెం తిప్పితే ఎక్కువయింది, వెనక్కి తిప్పితే తక్కువయింది. నాకే అనుమానం వచ్చేసింది, నా గొంతు అసలు ఎట్లా ఉంటుందని.

"నువ్వు ఒక తూరి పిలువే" అనింది అవ్వ. "పక్క పక్కన పెట్టి చూస్తే తెలీదా?"

బిడ్డ పోయినప్పటి నుంచి నేను మందను పిలవలేదు. సాయంత్రాలు మా మరిదే పోయి తోలుకొస్తున్నాడు. గొంతు ఎత్తితే ఆ పిలుపు రాదు, వేరేది ఏదో వస్తుందని నా భయం. అది అందరికీ తెలుసు. మా ఇంటాయన నా వైపు చూడకుండా తువ్వాలు మడతపెడుతూ, "పొద్దు కుంకతాండాది" అన్నాడు. అంతే అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. పిలిచాను.

మొదటిసారి గొంతు చీలింది. మళ్ళీ పిలిచాను. ఈసారి గుట్ట దాకా పోయింది. నడవలో మనుషులు ఆగిపోయారు. ఆ వాచ్‌మన్ తలుపు దగ్గరకు వచ్చి, నన్ను చూసి, నవ్వి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పిలుస్తూనే ఉన్నాను. సారు స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు. పెట్టెలో నేను, బయట నేను, గొంతులు రెండూ ఒకదాని పక్కన ఒకటి నడుస్తూ, తోసుకుంటూ, ఒక చోట కలిసిపోయాయి. ఏది పెట్టెదో ఏది నాదో నాకే తెలియలేదు.

"అదే" అన్నాడు మా ఇంటాయన. "ఇంక పోనియ్యండి."

సారు ఈసారి ఆపలేదు. నా పిలుపు అయిపోయింది. కొంచెం గరగర. తర్వాత చెవి పక్కనే నిలబడి మాట్లాడినట్టు మా బిడ్డ:

"చాలమ్మా, చాలు! నువ్వు పిలిచే పిలుపుకు గొర్రెలన్నీ బస్సెక్కి వచ్చేస్తాయి!"

ఆ వెంటనే నవ్వు. మధ్యలో ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ నవ్వు.

అవ్వ పడీ పడీ నవ్వింది. "బస్సెక్కి అంటాండాది చూడు! కండక్టరు ఏమి చేస్తాడో!" మా ఇంటాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు, ఆ తువ్వాలు చాలాసేపు తియ్యలేదు. తెలుగు రాని సారు కూడా నవ్వాడు. గొర్రె, బస్సు ఈ రెండు మాటలు అర్థమైతే చాలదా?

మళ్ళీ స్క్రూ కదలకుండా ఏదైనా చేయాలన్నాడు సారు. అక్కడ చదివే ఒక పాప తన సంచిలోంచి గోళ్ళరంగు తీసి, ఆ స్క్రూ నెత్తి మీద ఒక చుక్క పెట్టింది. ఎర్రటి చుక్క. అవ్వ వంగి చూసి, "ఇప్పుడు దీనికి కూడా నుదురు దొరికింది" అనింది.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి మంద ఇంకా గుట్ట మీదే ఉంది. మా మరిది కర్ర తీసుకుని బయలుదేరబోయాడు. నువ్వుండు అని చెప్పి, నేను అరుగెక్కి పిలిచాను. గంటలు కదిలాయి. అప్పటి నుంచి రోజూ నేనే పిలుస్తున్నాను. పిలిచిన వెంటనే మళ్ళీ పిలవను. మధ్యలో ఒక మాట, ఒక నవ్వు పట్టేంత సేపు ఊరుకుంటాను. గొర్రెలకు కూడా అది అలవాటైపోయింది. మొదటి పిలుపుకు మేత వదిలి తలలెత్తుతాయి. ఆ ఊరుకున్న సేపు గంట మోగించకుండా, చెవులు నిక్కబొడుచుకుని అలాగే నిలబడతాయి. అది అయిపోయిన తర్వాతే దిగి వస్తాయి.